గిరిధర్ పేరు మీద చూసిన చుక్క

సుగుణ అతికితే అతుకు దొరకదని గద్వాల మగ్గాల వీధుల్లో అందరూ ఒప్పుకునే మాట. ఒప్పుకోవడం మామూలు సంగతి కాదు. పక్కింటి చీరలో తప్పు వెతకనిదే అన్నం సయించని వీధులవి. గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. కొంగు మొదలయ్యే చోట ఒక్కొక్క నూలు పోగు కొసకు ఒక్కొక్క పట్టు పోగును అతకాలి. వేళ్లకు బూడిద అద్దుకొని, రెండు కొసలనూ చేర్చి మెలిపెట్టి వదిలితే రెండూ ఒకే పోగైపోవాలి. వేలితో తడిమినా తెలియకూడదు, వెలుతురుకు పట్టి చూసినా కనపడకూడదు. తల్లి దగ్గర చిన్నప్పుడు నేర్చుకున్న ఈ పని సుగుణ చేతికి ఎంతగా అలవాటైందంటే, తెగింది ఏదైనా కంటపడితే ఆ చెయ్యి ఊరుకోదు. ఆమెకు పేరు తెచ్చింది అదే. చివరికి ఆమె పీకల మీదికి తెచ్చిందీ అదే.

ఆమె భర్త గిరిధర్ కూడా నేతవాళ్ల ఇంట్లో పుట్టినవాడే గాని, మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటే పూట గడవకముందే అతనికి ప్రాణం విసిగేది. ఊళ్లోని జూనియర్ కాలేజీలో ల్యాబ్ అటెండర్‌గా కుదిరాడు. అక్కడ ఎవరో సారు ఒకసారి పిల్లలకు చందమామను చూపిస్తుంటే, గొట్టం మోసుకొచ్చిన పాపానికి తానూ చూశాడు. అంతే, మనిషి ఇంక నేల మీద లేడు. కొన్నేళ్లకు ఎవరో వాడి పక్కన పెట్టిన పాత టెలిస్కోపు సంపాదించి డాబా మీదికి చేర్చాడు. చేతులు చాచి పట్టుకుంటే సరిపోయేంత గొట్టం, అడుగున ఒక అద్దం. వీధి వీధంతా నవ్వింది. "మగ్గంల నాడె నడపనీకి చేతగాదు గాని, చుక్కల్ని నడుపుతుండు" అన్నారు. అతని తల్లి సత్యమ్మ మాత్రం ఆ గొట్టం మీద తన పాత చీర కప్పి, పావురాలు ఖరాబు చేయకుండా కాపలా కాసింది.

నాగర్‌కర్నూల్‌లో మమత అని డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మేడం ఒకామె ఉంది. చుట్టుపక్కల ఊళ్లలో చిన్న టెలిస్కోపులున్న వాళ్లను వెతికి వెతికి ఒక గుంపుగా చేర్చింది. పెద్ద పెద్ద టెలిస్కోపులకు ఒకే చుక్కను రోజూ చూసే తీరిక ఉండదట. చిన్నవాటికి ఉంటుంది. ఎవరికి ఏ చుక్క అప్పజెబితే వాళ్లు దాని వెలుగు ఎంతుందో రోజూ చూసి, ఆదివారం ఆదివారం మేడానికి ఫోనులో పంపాలి. ఆమె అన్నీ కూర్చి శాస్త్రవేత్తలకు చేరవేస్తుంది. గిరిధర్‌కు వచ్చింది పిల్లలకోడి చుక్కలకు, అంటే కృత్తికలకు, కొంచెం కింద, వట్టి కంటికి ఆనని ఒక పసి నక్షత్రం.

"చుక్కల్ల గూడ పసివి, ముసలివి ఉంటయా?" అని సుగుణ అడిగింది, మొదటిసారి అతని వెంట డాబా ఎక్కినప్పుడు.

"ఎందుకుండవు? ఇది నిన్నమొన్న పుట్టిన దానికింద లెక్క. పుట్టిన పిల్లకు నీళ్లు పోసి సాంబ్రాణి పొగ వేస్తరు సూడు, పొగ అడ్డమొస్తే మొగం కనపడదు, పక్కకు పోతే కనపడ్తది. దీని సుట్టు గూడ గట్లనే దుమ్ము తిరుగుతుంటది. ఆ దుమ్ములనే కొత్త లోకాలు తయారైతయట."

ఆనాటి నుంచి ఆ ఇంట్లో దాని పేరు పసిది. పసిదాన్ని చూడటం పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. దాని పక్కన వెలుగు మారని చుక్కలు కొన్ని ఉంటాయి, వాటి లెక్కలు ముందే తెలుసు. పసిది దీనికంటే మసకా, దానికంటే వెలుగా, రెంటి నడుమ ఏ మాత్రం దూరంలో ఉంది అని కంటితో తేల్చుకోవడమే. చలికాలం దీపాలు పెట్టిన తర్వాత ఇద్దరూ ఎక్కేవాళ్లు. అతను ఒకసారి, ఆమె ఒకసారి చూసి, మాట కలిస్తే సరే, కలవకపోతే పోట్లాడుకొని మళ్లీ చూసేవాళ్లు. అంకె అతనే పంపేవాడు. మబ్బు పట్టిన రోజుకు "మబ్బు" అని పంపేవాడు. అట్లా ఒక ఏడు పసిది వారాల తరబడి మసకబారిపోయి, మళ్లీ మెల్లమెల్లగా తేరుకుంది. ఆ కాలంలో ఇంకెవరూ దానివైపు చూడలేదు. గిరిధర్ ఒక్కడే చూశాడు. "ఈ మసక మళ్లొస్తదా రాదా అన్నదే అసలు సంగతి. అప్పుడు నేను సూసింది పనికొస్తది" అని మురిసిపోయేవాడు పాపం.

ఒక ఆదివారం సాయంత్రం అతను మెట్ల దగ్గరే కూర్చుండిపోయాడు. ఎదలో బరువుగా ఉంది, నువ్వే చూసి రా అన్నాడు. సుగుణ చూసి వచ్చి చెప్పింది. అతను అంకె పంపి ఫోను పక్కన పెట్టాడు. తెల్లవారి దవాఖానకు తీసుకుపోయారు. నడిచి ఎక్కిన ఆటోలోంచి మనిషి నడిచి దిగలేదు.

పెద్దకర్మ అయిపోయాక వచ్చిన ఆదివారం గిరిధర్ ఫోను మోగింది. మమత మేడం. సుగుణ ఎత్తలేదు. కాసేపటికి మెసేజ్ వచ్చింది: "గిరిధర్ గారూ, రెండు వారాలుగా అంకెలు లేవు. క్షేమమేనా?" సుగుణ దాన్ని చాలాసేపు చూసింది. లోకమంతా అతన్ని తీసేసి పక్కన పెట్టిన రోజుల్లో ఒక్కరు, ఎక్కడో ఒక్కరు, క్షేమమేనా అని అడుగుతున్నారు. ఆ సాయంత్రం ఆమె డాబా ఎక్కింది. పసిది ఉంది. చూసి, అంకె పంపింది. జవాబు వెంటనే వచ్చింది: "అందింది గిరిధర్ గారూ. ధన్యవాదాలు."

ఆమె ఆ మాట బయటికే చదివింది. కండెలు చుడుతున్న సత్యమ్మ చెయ్యి ఆగింది. "ఇంకోపారి సదువు" అంది.

ఇట్లా మొదలైన పని మూడు చలికాలాలు సాగింది. ఆదివారం వస్తే సత్యమ్మ రాట్నం ఆపి ఎదురుచూసేది. "అందింది గిరిధర్ గారూ" అన్న మాట చెవిన పడితేనే ఆమెకు ఆ రోజు బువ్వ. దీన్ని ఎవరైనా మోసం అంటే అననీ. కొడుకు పోయిన తల్లి దగ్గర కూర్చుని ఆ మాట అనగలిగేవాళ్లకు నేను చెప్పేదేమీ లేదు. కానీ సుగుణ అక్కడితో ఆగలేదు. మబ్బు రోజులు వచ్చాయి. జ్వరం వచ్చిన రోజులు, కొంగు అతుకు సగంలో ఉండి లేవలేని రోజులు వచ్చాయి. వారం రోజులకు ఏడు అంకెలుండాల్సిన చోట ఆమెకు సందులు కనపడేవి. రోజూ ఏ రోజు అంకె ఆ రోజు మగ్గం గుంజ మీద సుద్దతో రాసుకునేది, ఆదివారం పంపాక తుడిచేసేది. ఆ గుంజ మీద ఖాళీ చూస్తే ఆమెకు పడుగులో పోగు లేనట్టే ఉండేది. ఖాళీ ఎక్కువైతే గిరిధర్ లేడని వాళ్లకు తెలిసిపోతుందన్న భయం ఒకటి. భయం లేకపోయినా ఆమె చెయ్యి ఊరుకునేది కాదు. ముందునాటి అంకె తెలుసు, మరునాటి అంకె తెలుసు, నడుమ ఏముంటుంది? ఆ రెండింటి నడుమదే ఉంటుంది. సుద్ద తీసి రాసేసేది. ఒక్కోసారి మరీ ఒకే తీరుగా ఉంటే అతుకు కనపడుతుందని, రవ్వంత అటూఇటూ మార్చి రాసేది. నేతగత్తె కదా.

ఈ ఏడు కార్తీకం వెళ్లాక సముద్రంలో వాయుగుండం పడి వారమంతా ముసురు పట్టింది. పత్తి తడిసి రైతులు నెత్తి కొట్టుకున్నారు. సుగుణ ఒక్క రోజు కూడా డాబా ఎక్కలేదు, ఎక్కినా లాభం లేదు. పసిది అంతకుముందు నెల పొడుగునా కదలకుండా ఒక్క తీరున ఉంది. ఆదివారం ఆమె వారానికి సరిపడా అంకెలు నింపి పంపింది. మేడం ధన్యవాదాలు చెప్పింది. సత్యమ్మ విన్నది.

మరునాడు ఆకాశం కడిగినట్టు తేటపడింది. సుగుణ చీర తొలగించి గొట్టం తిప్పి చూస్తే పసిది లేదు. తప్పు చోట పెట్టానేమో అనుకుంది. పిల్లలకోడి నుంచి మళ్లీ దారి పట్టి వచ్చింది. పక్క చుక్కలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. గొట్టం కంటి అద్దానికి మంచు పట్టిందేమోనని మెత్తటి నూలు గుడ్డతో తుడిచింది. అప్పుడు కనపడింది, అన్నింటికంటే మసకైన చుక్కకంటే ఇంకా మసకగా. గిరిధర్ ఎదురుచూసిన మసక అది. తిరిగొచ్చింది. ఆమెకు సంతోషం కలగాలి. కానీ కలగలేదు. ఇంతలా మసకబారడం ఒక్క పూటలో జరగదని పాత మసకప్పుడు గిరిధరే చెప్పాడు. మబ్బుల వెనక వారం నుంచీ జరుగుతోంది. ఆ వారమంతా ఎప్పటిలాగే ఉందని తాను రాసి పంపింది.

ఆ వారం మధ్యలోనే మమత ఫోను చేసింది. సుగుణ ఎత్తలేదు. అప్పుడు మాట రికార్డు చేసి పంపింది. సుగుణ అది పెడితే ఇల్లంతా వినపడింది.

"గిరిధర్ గారూ, మీరు ఫోన్ ఎత్తుతలేరు, అందుకే గిట్ల పంపుతున్న. వనపర్తిల మన గుంపుల ఉండే ఉదయ్ కిరణ్ తెల్సు గద, మబ్బుల వారంల జరసేపు ఆకాశం ఇడిస్తే కెమెరతోని పట్టిండు. అప్పటికే సగం మసకైంది. మీ అంకెలేమో ఎప్పటిలెక్కనే ఉన్నయి. సైంటిస్టులు అడుగుతున్నరు. ఇది తేలకపోతే మీ పేరు మీదున్నదంత పక్కకు పెట్టాలంటున్నరు, పాత మసకతో సహా. అది మీరొక్కరే చూసింది. అదుంటేనే ఇది మళ్లొచ్చిందని చెప్పనీకి సాక్ష్యం. నాకైతే మీ మీద నమ్మకముంది సార్. జర చెప్పండి."

సుగుణ మగ్గం దగ్గరికి పోయి కూర్చుంది. ఏవి చూసి రాసినవో, ఏవి అతికినవో విడదీసి చెబితే సరిపోతుందని మొదట అనుకుంది. మూడు చలికాలాల వారాలను మనసులో తిప్పుకుంటూ పోయింది. గుంజ మీద సుద్ద ఎప్పుడో తుడిచేసింది. ఫోనులో అంకెలున్నాయి గాని, అన్నీ ఒకే వరుసలో, ఒకే తీరుగా నడిచిపోతున్నాయి. తన అతుకు తనకే దొరకలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? ఆమె పొద్దుగూకేదాకా అక్కడే కూర్చుని, లేచి వచ్చి అత్తతో చెప్పింది.

"అత్తా, మేడంకు చెప్పాలె. ఆయన లేడని."

సత్యమ్మ కండె కింద పెట్టింది. "ఊరందరికి తెల్సిన సావు. ఆయమ్మకు ఒక్కదానికి తెల్వకపోతే ఏం మునిగింది?"

"తెల్వకపోతే ఆయన సూసింది గూడ పోతది. నా అబద్ధాలు ఆయన పేరు మీద పడుతున్నయి."

"ఆ ఒక్క దగ్గరన్న నా కొడుకు ఉన్నడు గదనే!" ముసలామె రాట్నాన్ని పక్కకు నెట్టింది. "వారానికి ఒకపారి పేరు పెట్టి పిలుస్తరు. గది గూడ తీసేస్తవా?"

సుగుణకు ఏడుపు తన్నుకొచ్చింది. "ఆయన నిజంగ ఉన్న దగ్గర ఉండాలనే చెప్తున్న. నేను సూసి సూడక రాసిందాంట్ల ఆయన లేడత్తా. ఆయన సూసిన దాంట్లనే ఉన్నడు."

సత్యమ్మ ఆ రాత్రి రాట్నం ముట్టలేదు. అన్నం కూడా తినలేదు. తెల్లవారి సుగుణ బస్సుకు బయల్దేరుతుంటే జొన్న రొట్టెలు, పుంటికూర మూట కట్టి, తానూ చెప్పులు వేసుకుంది. "పా. నేను గూడ వస్త" అంది.

ఇటిక్యాల, కృష్ణ వంతెన, పెబ్బేరు దాటారు. వనపర్తిలో బస్సు మారారు. నాగర్‌కర్నూల్‌లో కాలేజీ వెనక వీధిలో మమత ఇల్లు దొరికింది. తలుపు తీసిన మమత ఎదురుగా ఇద్దరు ఆడవాళ్లను చూసి, ఎవరు కావాలమ్మా అని అడిగింది. సుగుణ చేతిలోని ఫోను చూపించింది.

"ఇది గిరిధర్ ఫోను మేడం. నేను ఆయన భార్యను. ఈమె ఆయన తల్లి. ఆయన పోయి మూడేండ్లయింది. అప్పటిసంది పంపుతున్నది నేను."

మమత తలుపు పట్టుకొని నిలబడిపోయింది. "మూడేండ్ల సంది నేను ధన్యవాదాలు చెప్పింది..." అని ఆగిపోయింది. లోపలికి తీసుకుపోయి కూర్చోబెట్టి, మంచినీళ్లు తెచ్చింది. మనిషి ముఖంలో కోపం లేదు. "బస్సెక్కితే గద్వాల ఎంత దూరం? నేను ఒక్కసారన్న రాకపోతి" అంది తనలో తాను.

సుగుణ అంతా చెప్పింది, మబ్బు రోజులతో సహా. దాచిపెట్టింది ఏమీ లేదు. మమత విని, "మీరు నిజంగ చూసినవే ఎక్కువ ఉంటయి గద. అతికినవేవో చెప్పండి, వాటినే తీసేస్తం. మిగతా కష్టమెందుకు పోవాలె?" అంది.

"తెల్వదు మేడం. అతుకు దొరికేటట్టు అతకనీకి నాకు రాదు."

ఆ మాట వీధిలో అని ఉంటే గొప్పలు పోతోందనేవాళ్లు. ఇక్కడ ఆమె తల వంచుకొని చెప్పింది. మూడు చలికాలాలు గాలిలో వణుకుతూ చూసిన చూపంతా తన చేత్తోనే పాడైందని ఆమెకు అర్థమైంది.

మమత కంప్యూటరు తెరిచింది. తెర మీద ఎడమ నుంచి కుడికి చుక్కలు, గిరిధర్ పేరు మీద వచ్చిన అంకె అంకెకూ ఒక చుక్క. నడుమ ఒక చోట అవి లోయలోకి దిగినట్టు దిగి మళ్లీ పైకెక్కాయి. అది పాత మసక. ఎడమవైపు చుక్కల మధ్య అక్కడక్కడా ఖాళీలున్నాయి. కుడివైపు ఎక్కడా ఖాళీ లేదు.

"గిరిధర్ గారు ఎప్పటిదాక పంపిండ్రు?" అని మమత మెల్లగా అడిగింది.

అప్పటిదాకా మూట ఒళ్లో పెట్టుకొని కూర్చున్న సత్యమ్మ చెప్పింది. "శివరాత్రి మూడొద్దులుందనంగ నా కొడుకు పాయె. దానికి ముందునాటి దాక ఉన్నడు."

మమత ఆ ఏటి శివరాత్రి తేదీ వెతికి, చుక్కల వరుస మీద ఒక నిలువు గీత గీసింది. కుడివైపు చుక్కలన్నీ మాయమయ్యాయి. అంతే. సుగుణ మూడు చలికాలాలు ఒక్క వేలు నొక్కడంతో పోయాయి. ఎడమవైపువి అట్లాగే ఉన్నాయి. పాత మసక అట్లాగే ఉంది.

"ఇవి ఉంటయి" అంది మమత. "ఎన్ని సందులున్నయో చూడండి. అవే ఈయన్ను నమ్మొచ్చని చెప్తయి."

సత్యమ్మ లేచి తెర దగ్గరికి పోయింది. గీతకు ఆనుకొని ఉన్న చివరి చుక్క మీద వేలు పెట్టింది. "ఇది నా కొడుకు సూసినదేనా?"

అవునంటే అయిపోయేది. ముసలామె మనసు చల్లబడేది, ఎవరికీ నష్టం లేదు. సుగుణ నోటిదాకా వచ్చింది కూడా.

"కాదత్తా" అంది. "ఆనాడు ఎదల బరువుందని మెట్లు ఎక్కలేకపాయె. నన్ను సూసి రమ్మన్నడు. సూసింది నేను, పంపింది ఆయన."

సత్యమ్మ వేలు కాసేపు అక్కడే ఉంది. తర్వాత ఒక్క చుక్క ఎడమకు జరిగింది.

"ఇది?"

"అది ఆయనదే."

ముసలామె ఆ చుక్కను వేలితో నిమిరింది. తెర మీద ఆమె వేలి మరక పడింది. మమత తుడవలేదు. సుగుణ చూసిన ఆ ఆఖరి చుక్కను కూడా తీయలేదు. చూసి పంపిందే కదా, ఉండనివ్వండి అంది.

బయల్దేరేటప్పుడు ఆమె సుగుణ ఫోను నంబరు రాసుకొని, కొత్త వరుస ఏ పేరు మీద మొదలుపెట్టాలని అడిగింది. సుగుణ ఇంకా చూడనిస్తారనుకోలేదు. అత్త వైపు చూసింది.

"నీ పేరు నీకు తెల్వదా, సెప్పు" అని కసిరింది సత్యమ్మ.

అట్లా సుగుణ తన పేరు మీద పసిదాన్ని చూడటం మొదలుపెట్టింది. మొదటి నాలుగు రోజులు ఆకాశం బాగుంది. పసిది ఇంకా మసకలోనే ఉంది. ఐదోనాడు పొద్దుగూకేసరికి జూరాల దిక్కు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. ఆమె డాబా మీద చాలాసేపు నిలబడి, గొట్టం మీద చీర కప్పి కిందికి వచ్చింది. మగ్గం గుంజ దగ్గర నిలబడి సుద్ద చేతిలోకి తీసుకుంది. నిన్నటి అంకె ఉంది. దాని పక్కన ఖాళీ. ఆమె వేళ్లు ఒకదానితో ఒకటి రాసుకున్నాయి, బూడిద అద్దుకున్నట్టు.

రాట్నం ముందు కూర్చున్న సత్యమ్మ అడిగింది. "కనపడ్డదా?"

"లేదత్తా. మబ్బుంది."

"మరి ఏం పంపుతవ్?"

సుగుణ సుద్దను గూట్లో పెట్టేసింది.

"కనపడలేదని పంపుత."